రోకలక్క ఓడిపోలేదు

ఆ రోజు కరెంటు పోలేదు.

కొన్నేళ్ల క్రితం ఒక పత్రికలో నిజామాబాద్ గురించి రాస్తూ నా చిన్నప్పటి వీడియో గేముల దుకాణాన్ని తలుచుకున్నాను. ఒక వేసవిలో అక్కడ పోటీ జరిగిందనీ, ఆఖరి ఆట మధ్యలో కరెంటు పోయిందనీ, అలా నేను ఛాంపియన్ని అయ్యాననీ సరదాగా ఒక పేరా రాశాను. చదివినవాళ్లు నవ్వుకున్నామని చెప్పారు. నేనూ నవ్వాను. ఆ పేరాలో ఒక సంగతి రాయకుండా వదిలేశాను. బల్ల కింద ఉన్న ప్లగ్గును నేనే కాలితో తన్నాను.

ఆ దుకాణం రాజన్న గారిది. ఒకటే గది, గుమ్మానికి దుప్పటి తెర, లోపల ఒక మిషను. మిషను, ఫ్యాను, బల్బు మూడూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద నడిచేవి. ప్లగ్గు ఊడగానే గదంతా చీకటైంది. "కరెంటు పోయింది" అని అందరూ గోల చేశారు. నిజామాబాద్‌లో కరెంటు పోతే ఎవరైనా మొదట అడిగే ప్రశ్న "పక్కింట్ల ఉందా?" అని. చూసొచ్చే పని నేనే నెత్తిన వేసుకున్నాను. తెర తీసి బయటికి వెళ్లాను. ఎదురుగా చాయ్ హోటల్లో ఫ్యాను తిరుగుతోంది. లోపలికొచ్చి "బజారంతా పోయింది" అన్నాను.

నాతో ఆడుతున్నది రాజన్న గారి కూతురు సునీత. మొదటి ఆట నేను, రెండోది ఆమె గెలిచి మూడోదానిలో ఉన్నాం. తెర మీద నా బలం గీత వెంట్రుకంత మిగిలింది. ఆమెది దాదాపు నిండుగా ఉంది. గదిలో చూస్తున్నవాళ్లంతా మగపిల్లలు. ఆడపిల్ల చేతిలో ఓడి వాళ్ల మధ్య నిలబడడం నా వల్ల కాలేదు. కూతురికే బహుమతి ఇస్తే నలుగురూ ఏమంటారోనని రాజన్న గారు, మొదటి ఆట గెలిచినవాడే గెలిచినట్టు లెక్క అని తేల్చేశారు. నాకొక స్టీలు గ్లాసు ఇచ్చారు. దాని మీద చుక్కలు చుక్కలుగా 'ఛాంపియన్' అని కొట్టించారు. మిషను పైన గోడ మీద నా పేరు రాయించారు. జనం కాస్త చెదిరాక ప్లగ్గు పెట్టిందీ నేనే. కరెంటు వచ్చిందని మళ్లీ గోల.

సునీత గెలిస్తే గోడ మీద ఆమె పేరు రాయిస్తాననీ, రోజూ సాయంత్రం దుకాణంలో కూర్చోనిస్తాననీ తండ్రి పోటీకి ముందే మాటిచ్చారు. ఆ మాట నాకు అప్పుడే తెలుసు. ఆ తర్వాత ఆమె దుకాణంలో కనిపించలేదు. కుట్టు నేర్చుకోవడానికి పంపారని విన్నాను.

ఆ ఆట ఏ దేశం నుంచి వచ్చిందో, తెర మీది అక్షరాలు ఏ భాషవో మాకెవరికీ తెలియదు. అందుకని అందులో కొట్టుకునే యోధులకు మేమే పేర్లు పెట్టుకున్నాం. పొడుగు కర్ర తిప్పే ఆవిడ రోకలక్క, సునీత ఎప్పుడూ ఆమెతోనే ఆడేది. నల్ల గొడుగుతో పొడిచే కోటు మనిషి గొడుగు మామ, నేనెప్పుడూ అతనితో ఆడేవాణ్ణి. బుసకొట్టి గాలి వదిలే లావుపాటి మనిషి బుస్సు పైల్వాన్. ఎవరు పడిపోయినా మిషనులోంచి ఒక ఆడగొంతు ఏదో అరిచేది. అది మా అందరి చెవులకూ "ఉప్పు సాలలే" అనే వినబడేది. ఉప్పు చాలనందుకే పడిపోయాడన్నమాట. కొన్నాళ్లకు ఊళ్లో పరీక్ష తప్పినవాణ్ణీ, క్రికెట్లో అవుటైనవాణ్ణీ కూడా "ఉప్పు సాలలే" అనేవారు. ఆ ఆటకు తర్వాత రెండో భాగం, మూడో భాగం, ఇంకా చాలా వచ్చాయి. యోధులకు అసలు పేర్లున్నాయని తెలిసింది. నిజామాబాద్‌లో మాత్రం ఆ పేర్లతో ఎవరికీ పనిపడలేదు.

మొన్న చలికాలంలో, ఇప్పుడు నేనుంటున్న గుంటూరులో, మా మేనల్లుడు ఫోన్లో ఒక చిన్న వీడియో చూపించాడు. చెరుకు తోట. ఎరువు సంచులతో కుట్టిన కవచం వేసుకుని ఒక నడివయసు స్త్రీ నిజం రోకలిని గిరగిరా తిప్పుతోంది. ఎదుటివాడు పడ్డాడు. ఒక ముసలి గొంతు "ఉప్పు సాలలే" అంది. నా చేతిలో కాఫీ చొక్కా మీద ఒలికింది. వీడియో మొదట్లో "ఈ ఆట మాది కాదు, ఆడింది మాత్రం మేమే" అని ఉంది. చివర్లో ఇలా ఉంది: "ఆఖరి ఆట అయిపోలే. కరెంటు పోయింది. గెలిచిందెవరు?" కింద, సునీత, బోధన్.

స్టీలు గ్లాసు వెతికి సంచిలో పెట్టుకున్నాను.

నిజామాబాద్: తిరుగుతున్న ఫ్యాను

గుంటూరులో పొద్దున్నే ఇడ్లీ తినే అలవాటున్నవాడికి నిజామాబాద్ బండి మీద మొదట కనిపించేది పోహా. పసుపు రంగు అటుకులు, పైన పల్లీలు, సన్నగా తరిగిన ఉల్లి, పిండిన నిమ్మకాయ. ఈ ఊళ్లో పసుపుకు కరువు లేదని అటుకుల్ని చూసినా తెలుస్తుంది. ఒక ప్లేటు తిని, సిగ్గుపడుతూ ఇంకొకటి తిన్నాను. బండాయన నవ్వి "తిను అన్నా, కడుపు నీదే" అన్నాడు.

రాజన్న గారి దుకాణం ఉన్న చోట ఇప్పుడు ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. ఎదురుగా చాయ్ హోటల్ అలాగే ఉంది. అప్పట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చునే కుర్రవాడు యూసుఫ్ భాయ్ ఇప్పుడు తెల్లగడ్డంతో అక్కడే కూర్చున్నాడు. నేను కప్పులో బిస్కెట్ ముంచి, అది విరిగి మునిగిపోతే చెంచా కోసం చూస్తుంటే ఆయన పలకరించాడు.

"రాజన్న దుకాణం దిక్కే చూస్తున్నరు. గప్పుడు వచ్చేటోళ్లా?"

"వచ్చేవాణ్ణి భాయ్. క్యాంపు శీనుని."

నా పేరు శ్రీనివాసరావు. కాలువ నీళ్లొచ్చిన రోజుల్లో కోస్తా నుంచి వచ్చి బోధన్ చుట్టూ భూములు కొన్నవాళ్లు గుడిసెలు వేసుకున్న చోట్లను ఇప్పటికీ క్యాంపులనే అంటారు. మా తాత అలా వచ్చినవాడే. నిజామాబాద్‌లో మేనత్త ఇంట్లో ఉండి చదువుకున్నన్నాళ్లూ నన్ను శ్రీనివాసరావు అన్నవాడు లేడు.

"అరే, చాంపియన్ సాబ్." యూసుఫ్ భాయ్ లేచి నిలబడ్డాడు. పక్క బల్ల వాళ్లకు నన్ను చూపించాడు. "గోడ మీద ఈయన పేరు మస్తు దినాలుండె. సున్నమేసినంక పోయింది."

పక్క బల్ల వాళ్లు తల ఊపారు. నేను కప్పులోకి చూశాను.

"గని ఒక్కటే నాకు సమజ్ కాలే," అన్నాడాయన మళ్లీ కూర్చుంటూ. "గా దినం బజారంత కరెంటు పోయిందని మీ దుకాణంల లొల్లి. నా నెత్తి మీద ఈ ఫ్యాన్ తిరుగుతనే ఉండె."

పైకి చూశాను. అదే ఫ్యాను. రెక్కల మీద ఇన్నేళ్ల జిడ్డు.

"మరి అప్పుడు చెప్పలేదేం భాయ్?"

"నన్నెవలడిగిండ్రు? చాయ్ అడుగుతరు, బిస్కెట్ అడుగుతరు. నీ ఫ్యాన్ తిరుగుతుందా అని ఎవలడుగుతరు?"

ఇన్నేళ్లూ నిజం ఆ రోడ్డుకు అవతలి పక్కనే, అందరికీ కనబడేలా తిరుగుతూ ఉంది. ఎవరూ అడగకపోవడం నా అదృష్టం.

చాయ్ డబ్బులు ఇవ్వబోతే యూసుఫ్ భాయ్ చేయి అడ్డం పెట్టాడు. "చాంపియన్ తోని పైసల్ తీసుకుంటనా?" ఆయన అటు తిరిగాక నోటు సాసరు కింద పెట్టి బయటపడ్డాను. వీధి చివరికి చేరేలోగా హోటల్లో పనిచేసే మనిషి పరిగెత్తుకుంటూ వచ్చి, "పైసల్ మర్సిపోయినవ్ అన్నా" అని ఆ నోటు నా చేతిలో పెట్టి వెళ్లాడు.

బోధన్ దారి: వాన లేని గొడుగు

బజారు దాటుతుంటే ఒక కొట్లో పాత రకం నల్ల గొడుగులు కనిపించాయి. వంకర పిడి, పొడుగు ములికి. గొడుగు మామ చేతిలో ఉండేది అచ్చం అదే. చలికాలంలో గొడుగు అడిగినందుకు కొట్టాయన నిచ్చెన వేసుకుని ఎక్కి, దుమ్ము దులిపి, తను రెండుసార్లు తుమ్మి నా చేతికిచ్చాడు.

బస్సులో అది పెద్ద వినోదమైంది. కండక్టర్ నా గొడుగు వైపు, కిటికీలోంచి ఎండ వైపు చూసి, "అన్నా, మీ తాన వానలా?" అని అడిగాడు. వెనక సీటులో గంపతో కూర్చున్న ఒక అవ్వ నా బదులు జవాబిచ్చింది. "గాయన ముందుగాల తెస్కున్నడు. నీ లెక్క తడిసినంక కొంటడా?"

ఆ అవ్వది ఏర్గట్ల వైపు ఊరు. కూతురింటికి పోతోంది. గంపలో సకినాలు, గరిజెలు. గరిజె అంటే మా గుంటూరు కజ్జికాయే. నేను కజ్జికాయ అంటే అవ్వకు నవ్వాగలేదు. "కజ్జి ఏంది బిడ్డా, కుక్కకున్నట్టు" అంది. గజ్జి అని విన్నదని అర్థమయ్యేసరికి నేను రెండోది తింటున్నాను.

నా చిన్నప్పుడు ఈ దారంతా చెరుకే. గడల బండ్ల వెనక పరిగెత్తి ఒక్క గడ లాగడం మాకు పండగ. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకు తగ్గింది. ఇప్పుడు ఎక్కువగా వరి మళ్లు, మధ్యమధ్య ఆరబోసిన పసుపు కొమ్ములు, అక్కడక్కడ పట్టుదలగా మిగిలిన చెరుకు తోటలు. బోధన్ అంగడిలో దిగితే ఒక చెవిలో తెలుగు, ఒక చెవిలో ఉర్దూ, వెనక నుంచి మరాఠీ. జామకాయలమ్మే ఆమె మరాఠీలో ధర చెప్పింది, నేను తెలుగులో బేరమాడాను, ఆమె ఉర్దూలో తిట్టింది. కాయలు మాత్రం తియ్యగా ఉన్నాయి.

మ్యాచింగ్ సెంటర్

సునీత దుకాణం కనుక్కోవడం కష్టం కాలేదు. జాకెట్టు గుడ్డలు రంగుల వరసలో వేలాడుతున్న మ్యాచింగ్ సెంటర్ బోధన్‌లో చాలా ఉండొచ్చు. బయట తీగ మీద యూరియా సంచుల కవచాలు ఆరేసినది అదొక్కటే.

ఆమె కుట్టు మిషను మీద వంగి ఉంది. కళ్లద్దాల పైనుంచి చూసింది.

"ఏం గావాలె అన్నా, చీర ఫాల్సా?"

జవాబుగా గొడుగు తెరిచాను. దుకాణంలో గొడుగు తెరిచిన మనిషిని ఆమె కాసేపు చూసింది. తర్వాత మిషను చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది.

"క్యాంపూ."

"నేనే సునీతా."

"నెత్తి మీద ఎంటికలు ఏం జేసినవ్? అమ్ముకున్నవా?" అని, లోపలికి కేకేసింది. "అవ్వా, గొడుగు మామ వచ్చిండు."

ఇక్కడ అవ్వ అంటే అమ్మ. వాళ్లమ్మ వచ్చి నా ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుని ఎండ వైపు తిప్పి చూసింది. రాజన్న గారు పోయాక ఆమె కూతురి దగ్గరే ఉంటోంది. "ఆయన ఉంటే మస్తు సంబురపడుతుండె" అంది. "గా గ్లాసు పోరడు గదా నువ్వు." గ్లాసు నా సంచిలోనే ఉంది. తియ్యలేకపోయాను.

సునీత చాయ్ తెప్పించి, తను తీస్తున్న సినిమా కథ చెప్పింది. నేను ఫోన్లో చూసింది అందులో ఒక ముక్కేనట. ఆమె చెబుతుంటే చేతులు కూడా కొట్టుకుంటాయి.

"ఆఖరి ఆట నడుమ లోకంల సూర్యుడు ఆరిపోయిండు. యోధులందరు చీకట్ల ఆగిపోయిండ్రు. ఇగ ఏం జేస్తరు, పొట్టకోసం పనులల్ల పడ్డరు. పైల్వాన్ వరికోత మిషిన్ నడుపుతుండు. రోకలక్క పసుపు దంచుతుంది. గొడుగు మామ ఎటో పోయిండు. ఏండ్లకు మల్ల వెలుగు వచ్చింది. గా ఆట ఎక్కడ ఆగిందో గక్కడికెల్లి మొదలు."

"ఇదంతా నీకెలా తట్టింది?"

"తట్టుడేంది, అయ్యిందే గద. నిజంగ కరెంటు పోయింది. నా రోకలక్క ఇంక గా మిషిన్లనే ఉన్నది, కర్ర లేపి." ఆమె నవ్వింది. "మా బాపు కుట్టు నేర్చుకోపో అన్నడు. పోయిన. గిది గూడ మిషినే. కాలుతోని తొక్కుడు, చేతితోని తిప్పుడు. రోకలక్కను మాత్రం మర్వలే."

ఆ మాటలో ఫిర్యాదు లేదు. అందుకే నాకు ఇంకా కష్టంగా ఉంది. చెప్పడానికి నోరు తెరిచాను. ఆమె నా గొడుగు అందుకుని ములికి వేలితో తట్టి చూసింది.

"గొడుగు మామ వేసే సారుకు నడుం పట్టింది. రేపు షూటింగ్. నువ్వు వేస్తున్నవ్."

"నాకు నటన రాదు."

"ఎవలికొచ్చు? మా ఆయనకు వచ్చా?"

చెరుకు తోటలో యుద్ధం

ఆమె భర్త గంగారాం నిజంగానే వరికోత మిషను నడుపుతాడు. బుస్సు పైల్వాన్ పాత్రకు అంతకు మించిన మనిషి దొరకడు. ఆయన మామూలుగా ఊపిరి తీసినా తోటలో ఆకులు కదిలినట్టుంటుంది. "అన్నా, నన్ను గట్టిగ పొడువు, ఏం గాదు. మా ఇంటామె రోజు పొడుస్తనే ఉంటది, మాటలతోని," అని నాకు ధైర్యం చెప్పాడు.

తక్కువ ఖర్చుతో సినిమా తియ్యడం అంటే ఏమిటో ఆ రోజు చూశాను. కెమెరా అంటే సునీత ఫోను, వెదురు కర్రకు జాకెట్టు లైనింగ్ గుడ్డతో కట్టింది. ఆకాశంలోంచి తీయాల్సిన దృశ్యాలకు ఎవరిదో జేసీబీ తొట్టి. అందులో సునీత కూర్చుని పైకి లేస్తుంటే అవ్వ కింద నుంచి "జర పైలం బిడ్డా" అంటూ కొంగు పట్టుకుని నిలబడింది, పడితే కొంగులో పట్టుకుంటానన్నట్టు. రోకలక్క చేతిలోంచి వచ్చే మెరుపు అంటే గుప్పెడు పసుపు. గొడుగు మామ మంత్రం అంటే శనగపిండి. రెండూ గాలిలో కలిసిన చోట గంగారాం నిలబడ్డాడు. అవ్వ చూసి, "నూనె పెడితే బజ్జీ అయితడు" అంది.

గొడుగు మామ ప్రవేశం నాది. చెరుకు గడల్ని చీల్చుకుని రావాలి, గొడుగు టక్కున తెరవాలి. మొదటిసారి గడలు నన్ను చీల్చాయి. చెరుకాకు ఎంత పదునో మర్చిపోయాను. రెండోసారి గొడుగు వెనక్కి తిరగబడి గిన్నెలా అయింది. మూడోసారి అన్నీ కుదిరాయి, కానీ పొలం యజమాని సత్యనారాయణ గారు కెమెరాలోకి నడిచి వచ్చేశారు.

"ఏవండీ, తోటలో కొట్టుకోమన్నాను గానీ తోటనే కొట్టమన్నానా?"

ఆ యాస వినగానే మా తాత గుర్తొచ్చాడు. క్యాంపు మనిషి. నేను ఫలానావారి మనవణ్ణని చెప్పాక ఆయన కోపం పూర్తిగా మారిపోయింది. విరిగిన గడలు ఏరించి మా అందరికీ చెక్కి ఇచ్చారు. "విరిగాక ఏం చేస్తాం, నమలండి." ఆ తర్వాత ఆయన ఇంటికి పోలేదు. సాయంత్రానికి సినిమాలో ఊరిపెద్ద వేషం కట్టి, ఉన్న ఒక్క మాటనూ మూడు రకాలుగా చెప్పి చూపించారు.

ఇంత నవ్వు నేను ఎన్నాళ్ల నుంచి నవ్వలేదో. ఒంటినిండా శనగపిండి, చేతుల మీద చెరుకు గీతలు. నవ్వు ఆగినప్పుడల్లా రోకలి పట్టుకున్న సునీత కనబడేది.

జొన్నరొట్టె దగ్గర

మధ్యాహ్నం ట్రాక్టర్ నీడలో అవ్వ మూటలు విప్పింది. జొన్నరొట్టె, కోడికూర, పచ్చిపులుసు. మా వైపు రొట్టెలోకి కూర నంజుకుంటాం. ఇక్కడ రొట్టెను తుంచి పులుసులో వేసి, మెత్తబడ్డాక చేత్తో పిసికి తింటారు. నేను నంజుకుంటుంటే అవ్వ నా పళ్లెం లాక్కుని తనే పిసికి ఇచ్చింది. కారానికి కళ్లలో నీళ్లు వచ్చాయి. ఆ సమయం మంచిదనిపించింది, ఎందుకు వచ్చాయని ఎవరూ అడగరు.

సంచిలోంచి గ్లాసు తీసి సునీత ముందు పెట్టాను.

"ఇది నీది."

ఆమె చుక్కల అక్షరాల మీద వేలు పోనిచ్చింది. "ఇంక పెట్టుకున్నవా? ఎందుకు నాది? గెలిచింది నువ్వు."

"ఆ రోజు కరెంటు పోలేదు సునీతా. ప్లగ్గు ఊడింది."

"ఊడిందా?"

"నా కాలు తగిలింది."

గంగారాం నమలడం ఆపాడు. సునీత గ్లాసును పక్కకు తిప్పి చూస్తూ అడిగింది. "తగిలిందా?"

"తగిలింది. బల్ల కింద ఇరుకు కదా."

"మరి బజారంత పోయిందని ఎవలన్నరు?"

"ఏమో. ఎవరో అన్నారు."

అన్నానో లేదో నా చెవికే అది ఎంత చెడ్డగా వినిపించిందో చెప్పలేను. గుంటూరు నుంచి ఒక అబద్ధాన్ని వదిలించుకోవడానికి వచ్చి, రొట్టె ముందు కూర్చుని ఇంకో రెండు కలిపాను.

సునీత కోప్పడలేదు. గ్లాసులో నీళ్లు పోసుకుని తాగింది. ఖాళీ చేసి బోర్లించింది. తర్వాత చెయ్యి కడుక్కుని గంగారాంతో, "రేపటి సీన్ మారింది. సూర్యుడు ఉత్తగ ఆరిపోలే," అంది.

ఆఖరి ఆట

మర్నాడు సత్యనారాయణ గారి బెల్లం పొయ్యి దగ్గర షూటింగ్. పెద్ద పెనంలో రసం కాగుతోంది, వాసనకే నోరు తీపెక్కుతోంది. పెనం మీది ఆవిరి సినిమాలో యుద్ధభూమి పొగ. దాని కోసమే పొద్దున్నుంచి చెరుకు ఆడించారు. బెల్లం అయ్యాక పంచుకోవచ్చు కాబట్టి ఈ పొగకు ఖర్చు లేదని గంగారాం నాకు విడమర్చి చెప్పాడు.

మారిన దృశ్యం ఇది. రోకలక్క రోకలి నా గొంతు మీద ఉంటుంది. ఊరు ఊరంతా చూస్తుంటుంది. గొడుగు మామ మోకాళ్ల మీద కూర్చుని, సూర్యుణ్ణి ఆర్పింది తానేనని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటేనే ఆట మళ్లీ మొదలవుతుంది. నా మాటలు ఒక కాగితం ముక్క మీద రాసిచ్చింది. చదివాను. "కాలు తగిలింది రోకలక్కా, మాఫ్ చెయ్."

ఫోను పట్టుకున్నది గంగారాం. అవ్వ పొయ్యి గట్టు మీద కూర్చుంది. సినిమాలో యోధులు పడిపోయినప్పుడు వచ్చే గొంతు ఆమెదే. ఆ రోజు ఆమె గొంతు కలపడానికి రాలేదు, బెల్లం కోసం వచ్చింది.

"కాలు తగిలింది రోకలక్కా, మాఫ్ చెయ్," అన్నాను.

"ఉప్పు సాలలే," అంది సునీత. "మల్లొకసారి."

మళ్లీ చెప్పాను. ఈసారి కాస్త ఏడుపు గొంతుతో.

"ఉప్పు సాలలే."

మూడోసారి చెబుతుంటే రోడ్డు మీద ట్రాక్టర్ పాట పెట్టుకుని పోయింది. నాలుగోసారి సత్యనారాయణ గారు "బాగా చెప్పారండి" అని మధ్యలో మెచ్చుకున్నారు. తర్వాత ఎన్నిసార్లో గుర్తులేదు. ప్రతిసారీ చూస్తున్నవాళ్లంతా సునీతతో కలిసి ఒకే గొంతుతో "ఉప్పు సాలలే" అనడం మొదలుపెట్టారు. అందరూ నవ్వుతున్నారు. నేనూ నవ్వుతున్నాను. సునీత నవ్వుతూనే రోకలి కాస్త దించి, నాకు మాత్రమే వినబడేలా అంది.

"మా బాపు గా ప్లగ్గుకు సైకిల్ ట్యూబ్ సుట్టిండు, క్యాంపూ. లూజున్నదని. బిగదీసి సుట్టిండు. పక్కల కూసొని నేనే పట్టుకున్న. గది తగిలితె ఊడది."

నా నవ్వు ఆగిపోయింది. ఆ నల్ల ట్యూబు ముడి నా కాలి బొటనవేలికి ఇప్పటికీ గుర్తుంది. ఒక్క తన్నుకు రాలేదది. రెండోసారి ఇంకా బలంగా తన్నాల్సి వచ్చింది.

"మల్లొకసారి," అంది ఆమె, రోకలి మళ్లీ నా గొంతు మీద పెట్టి.

గంగారాం ఫోను నొక్కి "చాలూ" అన్నాడు, మొదలుపెట్టమని. బెల్లం పెనం బుడబుడమంటోంది. కాగితం ముక్క నా చేతిలో చెమటకు తడిసి చిరిగింది. సినిమా ఇప్పుడు అందరూ చూడొచ్చు, ఊరికే. అందులో ఈ చోటికి వచ్చేసరికి గొడుగు మామ ఉన్నట్టుండి కోస్తా యాసలోకి ఎందుకు మారాడో, రోకలక్కను వేరే పేరుతో ఎందుకు పిలిచాడో చాలామందికి అర్థం కాలేదట. తప్పు దొర్లిందనుకుని కొందరు సునీతకు రాశారు కూడా. ఆమె ఆ ముక్కనే ఉంచింది. అది చెప్పడం అయ్యాక ఎవరూ ఉప్పు సంగతి ఎత్తలేదు. నేను చెప్పింది ఇది:

"సునీతా, తగల్లేదు. తన్నాను. రెండుసార్లు తన్నాను. బయటికెళ్లి ఫ్యాను తిరగడం చూసి కూడా బజారంతా పోయిందని చెప్పింది నేనే, వేరే ఎవరో కాదు. నువ్వు గెలుస్తున్నావని తెలిసే చేశాను. గోడ మీద ఉండాల్సింది నీ పేరు. నన్ను క్షమించు."